పుర్జాల తారీఖు

హైదరాబాద్ పాత కార్ల గురించి ఎవరు రాసినా ఖిస్సా రోల్స్ రాయిస్ దగ్గరే మొదలుపెడతారు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆ పసుపుపచ్చ బండిని మీలో చాలామంది చూసే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా షౌక్‌గా ఆర్డరిచ్చిన సిల్వర్ ఘోస్ట్ అది. బండి చేతికి అందకముందే, 1911 ఆగస్టులో, ఆయన ఇంతెఖాల్ అయ్యారు. తర్వాత ఉస్మాన్ అలీఖాన్ దాన్ని జులూసులకు వాడుకున్నారు. అది తిరిగింది మొత్తం 356 మైళ్లేనని చెప్తారు. మా మేళ్లచెరువు నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు పోయొచ్చేంత దూరం కూడా కాదు.

356 మైళ్లు తిరిగిన బండికి పుర్జాలు ఏం అరుగుతాయి? పిస్టన్ రింగులు కొత్తగానే ఉంటాయి, బేరింగులు మెరుస్తూనే ఉంటాయి. ఆ బండికి కావాల్సింది తుడిచే గుడ్డ. మిస్త్రీతో దానికి పెద్దగా పని పడదు. నేను రాయాలనుకున్నది ఇంకో రకం బండ్ల తారీఖు. కోదాడ, హుజూర్‌నగర్, మేళ్లచెరువు రోడ్ల మీద ఎనిమిది మందిని ఎక్కించుకుని, సున్నపురాయి దుమ్ము మింగుతూ, నాలుగుసార్లు ఇంజను విప్పించుకుని మళ్లీ లేచిన బండ్ల తారీఖు. వాటిని లేపినవాళ్ల జిక్ర్ ఏ కితాబులోనూ నాకు కనిపించలేదు.

ముందు ఈ 'పుర్జా' అనే లఫ్జ్ సంగతి. ఫార్సీ నుంచి ఉర్దూలోకి, అక్కడ్నించి మన షెడ్లలోకి వచ్చింది. ఉర్దూలో దీనికి రెండు మానేలు. ఒకటి, యంత్రంలోని భాగం. రెండు, కాగితం ముక్క, చిట్టీ. పాత మిస్త్రీలు ఇంజను విప్పి, కావాల్సిన పుర్జాల పేర్లు ఒక పుర్జా మీద రాసిచ్చేవాళ్లు. మాలిక్ దాన్ని జేబులో పెట్టుకుని దుకాణాల చుట్టూ తిరగాలి. మా మామూ దగ్గరున్న 1970ల నాటి మార్క్ టూ అంబాసిడర్ ఇంజను మొన్న విప్పినప్పుడు అట్లాంటి పుర్జా ఒకటి నా చేతికొచ్చింది. వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్, రింగుల సెట్టు, ఫ్యాన్ బెల్టు, డైనమో బొగ్గులు, రెండు ఆయిల్ సీళ్లు. ఈ వ్యాసంలో సగం ఆ చిట్టీ పట్టుకుని తిరిగితే తెలిసినదే.

సైజు చెప్పు

మేళ్లచెరువులో ఇప్పుడు అంబాసిడర్ సామాను అమ్మే దుకాణం లేదు. సిమెంటు ఫ్యాక్టరీల ఊరు మాది. ఇక్కడి దుకాణాలు టిప్పర్లకు, లారీలకు, ట్రాక్టర్లకు, బోరు మోటార్లకు మాల్ పెట్టుకుంటాయి. నేను 'అంబాసిడర్' అనగానే కౌంటర్ వెనకున్న పిల్లగాడు నవ్విండు. అతని నాయన లోపల్నించి వచ్చి చెప్పిన మాట మాత్రం నాకు ఈ మొత్తం తారీఖుకే చాబీ అనిపించింది.

"భాయ్, బండి పేరు చెప్పకు. సైజు చెప్పు."

బండి పేరు అడిగితే ఎప్పుడూ 'లేదు' అనే జవాబే వస్తుంది. కొలత అడిగితే సగం పుర్జాలు ఊళ్లోనే దొరుకుతాయి. బాల్ బేరింగు మీద నంబరు ఉంటుంది. 6204 అని ఉంటే దాని లోపలి రంధ్రం 20 మిల్లీమీటర్లు. ఆఖరి రెండు అంకెల్ని ఐదుతో గుణించాలి, 04 నుంచి పైనున్న నంబర్లకు ఇదే హిసాబు. ఆ నంబరు మోటారుకు వాడినా, కారుకు వాడినా, ప్రపంచమంతా అదే కొలత. ఆయిల్ సీలుకు మూడు కొలతలు చాలు: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. బెల్టుకు పొడవు, వెడల్పు. రేడియేటర్ గొట్టానికి లోపలి బోలు, వంపు. ట్రాక్టర్ గొట్టాన్ని కోసి సరిపెట్టిన అంబాసిడర్లు ఈ జిల్లాలో ఎన్నో తిరిగాయి. డైనమో బొగ్గు కాస్త పెద్దది తీసుకుని రేతితో అరగదీస్తే కూర్చుంటుంది.

చిట్టీలో ఫ్యాన్ బెల్టు, రెండు సీళ్లు, బొగ్గులు ఆ ఒక్క దుకాణంలోనే అయిపోయాయి. వాటర్ పంపు ఇరుసును కోదాడలో ఖరాద్ మీద, అంటే లేతు మీద, కొత్తగా తిప్పించాం. సైడ్ ప్లేట్లకు కావాల్సిన గ్యాస్కెట్లు కార్క్ షీటు కొని షెడ్డులోనే చేసుకున్నాం. షీటును ఇనుప అంచు మీద పరిచి, గుండు తల సుత్తితో అంచు వెంబడి మెల్లగా తడుతూ పోతే అదే కోసుకుపోతుంది. కత్తెర అక్కర్లేదు. రింగులు, హెడ్ గ్యాస్కెట్ మాత్రం కొలతకు లొంగేవి కావు. వాటికి పెద్ద బజారుకు పోవాల్సిందే.

ఈ కొలతల్లోనూ ఒక తమాషా ఉంది. ఉర్దూ మాట్లాడే మిస్త్రీ అంగుళంలో ఎనిమిదో వంతును 'సూత్' అంటాడు. తెలుగు వడ్రంగి అదే కొలతను 'నూలు' అంటాడు. రెండింటికీ మానే ఒకటే, దారం. దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చాయి. షెడ్లలో మాత్రం సూతూ పోలేదు, నూలూ పోలేదు. పోయే వీలు కూడా లేకపోయింది. అంబాసిడర్ ఇంగ్లండు అంగుళాల బండి, జీపు అమెరికా అంగుళాల బండి, ఫియట్ ఇటలీ మిల్లీమీటర్ల బండి. ఒకే షెడ్డులో మూడు ముల్కుల పానాలు ఉండాల్సి వచ్చేది.

కరోడ్‌గిరి నాకా దాటి

కొంచెం వెనక్కి పోదాం. హుజూర్‌నగర్ తాలూకా నిజాం రియాసత్‌కు తూర్పు సర్హద్. అటు జగ్గయ్యపేట ఇంగ్లీషు సర్కారు ఇలాఖా. మధ్యలో నిజాం కస్టమ్స్, అంటే కరోడ్‌గిరి నాకాలు. అటు చెల్లేది కల్దార్ రూపాయి, ఇటు చెల్లేది హాలీ సిక్కా. బెజవాడ నుంచి ఒక స్పార్క్ ప్లగ్గు ఇటు రావాలన్నా దానికి మహసూల్ ఉండేది, డబ్బు మార్పిడీ ఉండేది. పాడైన పుర్జాను పారేయకుండా బాగుచేసుకునే అలవాటుకు పేదరికం ఒక కారణమైతే, ఇట్లాంటి సర్హద్‌లు ఇంకో కారణం.

రియాసత్‌లో మోటారు హునర్‌కు పెద్ద మదర్సా లాంటిది రైల్వే. లాలాగూడ రైల్వే కార్ఖానా 1893 నాటిది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే తన రోడ్డు రవాణా శాఖను 27 బస్సులు, 166 మంది మనుషులతో మొదలుపెట్టింది. ఆర్టీసీకి అదే పునాది. బస్సులు స్కాట్లండు ఆల్బియన్ కంపెనీవి. బస్సు ఓడ మీద వస్తుంది, దాని పుర్జా కూడా ఓడ మీదే రావాలి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ ఓడలకే గ్యారంటీ లేకుండా పోయింది. పెట్రోలుకు రేషన్ పెట్టారు. హిందుస్తాన్‌లో చాలాచోట్ల బస్సుల వెనక బొగ్గు కుంపటి కట్టి, ఆ గ్యాసుతో ఇంజన్లు నడిపారు. ఆ యుద్ధం రోజుల్లోనే హైదరాబాద్‌లో 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ పుట్టాయి. పెద్ద కార్ఖానాలు చేసిన పనినే చిన్న షెడ్లు చిన్న ఎత్తున చేశాయి. రాని పుర్జాను ఇక్కడే తయారుచేయడం నేర్చుకున్నాయి.

యుద్ధం అయిపోయాక ఫౌజు వదిలేసిన జీపులు, ట్రక్కులు వేలంలో బజారుకొచ్చాయి. 1948 సెప్టెంబరులో బెజవాడ వైపు నుంచి భారత సైన్యం వచ్చిన దారి కూడా మా కోదాడ, సూర్యాపేట రోడ్డే. తర్వాత నిజాం ఫౌజు బర్ఖాస్త్ అయింది. సర్కారు నౌకరీలు చాలామందికి పోయాయి. పట్నంలో కొందరు రిక్షా తొక్కారు. మా ఖాందాన్‌లో ఇద్దరికి స్టీరింగూ పానా దిక్కయ్యాయి. చదువు సర్టిఫికెట్ అడగని పని అది. చేతిలో హునర్ ఉందా లేదా అన్నదే చూసేవాళ్లు. 2006లో సచార్ కమిటీ ముస్లిం మజ్దూర్లు ఎక్కువగా ఉన్న పనుల్లో ఆటో మరమ్మత్తును కూడా లెక్కగట్టింది. ఢిల్లీలో కూర్చుని రాసిన ఆ రిపోర్టులోని ఒక్క లఫ్జ్ వెనక మా వీధి నిండా షెడ్లు ఉన్నాయి.

ఆ షెడ్ల జబాన్ కూడా ఒక తారీఖే. 1917లో నిజాం సర్కారు దారుల్ తర్జుమా పెట్టించి, ఇంగ్లీషు సైన్సు కితాబుల్ని ఉర్దూలోకి మార్పించింది. ఆలిములు కూర్చుని కొత్త లఫ్జ్‌లు తయారుచేశారు. వాటిలో ఎక్కువభాగం కితాబుల్లోనే ఉండిపోయాయి. షెడ్డులో బతికినవి వేరు: పానా, పేచ్‌కస్, ఢిబ్రీ, రేతి, ఖరాద్. 'మిస్త్రీ' అనే మాటే పోర్చుగీసువాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. డిస్ట్రిబ్యూటర్‌ను 'డెల్కో' అంటారు, అదేమో అమెరికా కంపెనీ పేరు. హిందువు మెకానిక్ అయినా ముస్లిం మెకానిక్ అయినా ఈ మాటలే వాడతాడు. అందులో ఎవరి జబాన్ ఎంత ఉందో ఎవరూ లెక్కేసుకోలేదు.

కంపెనీ పోయింది, మిస్త్రీ మిగిలిండు

అమెరికా కార్లకు అసలు దెబ్బ స్వాతంత్ర్యం తర్వాత తగిలింది. బయట్నుంచి భాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మే కంపెనీలకు 1953 తర్వాత తలుపులు మూసుకున్నాయి. ఇక్కడే తయారుచేస్తామనే కంపెనీలే ఉండాలన్నది సర్కారు ఫైసలా. జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ సర్దుకుని వెళ్లిపోయాయి. షెవ్రొలే, ఫోర్డ్ బండ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, రోడ్ల మీదే ఉన్నాయి. వాటికి తల్లీ లేదు, తండ్రీ లేడు.

పాత షెవ్రొలేలలో కనెక్టింగ్ రాడ్లకు ఇప్పటిలాగా మార్చేసే బేరింగు షెల్సు ఉండవు. వైట్ మెటల్ కరిగించి రాడ్డులోనే పోయాలి. తర్వాత క్రాంకు మీద నీలం రంగు పూసి, రాడ్డు బిగించి తిప్పాలి. రంగు అంటినచోట మిట్ట ఉన్నట్టు. దాన్ని గీకాలి, మళ్లీ రంగు పూయాలి, మళ్లీ తిప్పాలి, మళ్లీ గీకాలి. రంగు అంతటా సమంగా అంటేదాకా ఇదే వరస. రోజంతా పట్టే ఈ పని తెలిసినవాడే ఉస్తాద్. ఈ పని చేయించే ఓపిక లేని మాలిక్‌లు అసలు ఇంజనే తీసేయించి డీజిల్ ఇంజను పెట్టించుకున్నారు. మద్రాసులో సింప్సన్ కంపెనీ చేసిన పెర్కిన్స్ ఇంజన్లు అట్లా ఎన్నో అమెరికా బండ్ల పొట్టల్లో చేరాయి.

తర్వాత మన జమానా బండ్లు వచ్చాయి. కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్, బొంబాయి కుర్లాలో ఫియట్, మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్, మహీంద్రా వాళ్ల విల్లీస్ జీపు. వీటి వెనకాలే విడిభాగాల కంపెనీలూ నిలబడ్డాయి. ఇండియా పిస్టన్స్ 1949లో, మైకో 1951లో మొదలయ్యాయి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను ఇంగ్లండు బీఎంసీ వాళ్ల బీ సిరీస్. ఇదే కుటుంబం ఇంజను అక్కడ ఎంజీఏ అనే షోకు కారులో రేసులు ఆడింది. ఇక్కడ కోదాడ టాక్సీలో మిర్చి బస్తాలు మోసింది. అంబాసిడర్ 1957లో మొదలై 2014 మేలో ఆగిపోయింది. అన్నేళ్లు అదే వొళ్లు కాబట్టే దాని సామాను ఊరూరా దొరికేది. హెరాల్డ్ మాలిక్‌లకు అంత కిస్మత్ లేదు, ఆ కంపెనీ 1980ల చివర్లోనే కూలింది.

కోదాడ మనిషికి పుర్జా కావాలంటే రెండు దిక్కులు. పడమరకు పోతే సికింద్రాబాద్ రాణిగంజ్. తూర్పుకు పోతే 1960ల్లో వెలసిన బెజవాడ ఆటోనగర్. ఆ రెండుచోట్లా దొరక్కపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్. నా రింగుల సెట్టు రాణిగంజ్‌లో ఒక మూల దుకాణంలో దొరికింది. అట్ట పెట్టె రంగు వెలిసిపోయింది, లోపల నూనె కాగితంలో రింగులు మాత్రం తళతళమంటున్నాయి. దుకాణం చాచా డబ్బు తీసుకుంటూ, "ఆఖరీ సెట్ హై బేటా, ఇంక అడగకు" అన్నడు. ఆయన వెనక అల్మారాలో పాత స్టాకు రిజిస్టర్లు ఉన్నాయి, ఉర్దూలో రాసినవి. ఏ పుర్జా ఎప్పుడొచ్చింది, ఏ ఊరి మిస్త్రీకి పోయింది అన్నీ ఉన్నాయి వాటిలో. చాచా కొడుకులకు ఉర్దూ చదవడం రాదు.

ఇంజనులో రాసి ఉన్నది

ఉర్దూలో 'తారీఖ్' అంటే తేదీ, చరిత్ర కూడా. తెలుగులోకి వచ్చేసరికి తేదీ ఒక్కటే మిగిలింది. ఇంజను విప్పినప్పుడు మాత్రం ఆ రెండో మానే కళ్లకు కనిపిస్తుంది.

సిలిండర్ అరిగితే దాన్ని కాస్త పెద్దది చేసి, పెద్ద పిస్టన్ వేస్తారు. ఈ పెంపుడు థౌల్లో లెక్క, అంటే అంగుళంలో వెయ్యో వంతుల్లో. కంపెనీ నుంచి వచ్చినప్పుడు స్టాండర్డ్. తర్వాత 20, ఆ తర్వాత 30, 40. నలభై థౌ అంటే ఒక మిల్లీమీటరు కంటే పిసరంత ఎక్కువ. గోడ ఇంక పలచబడితే స్లీవ్ కొట్టి మళ్లీ స్టాండర్డుకు తెస్తారు. క్రాంకు సంగతి ఉల్టా. దాన్ని గ్రైండింగ్ చేసి సన్నం చేస్తారు, బేరింగు మందం పెంచుతారు. పిస్టన్ నెత్తి మీద, బేరింగు వీపు మీద ఈ సైజులు కొట్టి ఉంటాయి.

మా మామూ బండి పిస్టన్ల మీద 40 ఉంది. బేరింగుల వీపు మీద 20 ఉంది. ఉస్తాద్ అద్దాలు పైకి జరుపుకుని చూసి, లెక్క చెప్పిండు. "సిలిండర్‌ది మూడో జిందగీ. క్రాంకు ఇంకో రెండుసార్లు బతుకుతది." బండి కాగితాల్లో ఇవేవీ లేవు. ఆర్సీ బుక్కులో మాలిక్‌ల పేర్లున్నాయి, అది తిన్న దెబ్బలు లేవు. వాటి హిసాబ్ ఇనుము మీదే ఉంది, ఆ అంకెలు చదవగలిగేవాళ్లు ఉన్నంతవరకే అది హిసాబ్.

ఇక్కడే నాకొక సవాల్ ఉంది. 2021లో కేంద్ర సర్కారు వింటేజ్ బండ్ల రిజిస్ట్రేషన్‌కు కొత్త కానూన్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన కార్లకు 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు, ఫీజు 20,000 రూపాయలు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మారి ఉండకూడదు. ఆ నంబరు మీద రోజువారీ తిరగకూడదు, ఎగ్జిబిషన్లు, ర్యాలీల లాంటి వాటికే తీయాలి.

పాత బండ్లను కాపాడాలన్న నియ్యత్ మంచిదే. కానీ ఈ కానూన్ ముందు పెట్టుకున్న నమూనా చౌమహల్లా బండి. అసలు రూపం చెడకుండా ఉండాలంటే తిరగకుండా ఉండాలి, లేదా కంపెనీ పుర్జాలు ఎప్పుడూ చేతికి అందేంత దౌలత్ ఉండాలి. బతుకుతెరువు కోసం తిరిగిన బండిలో ట్రాక్టర్ గొట్టం ఉంటది, మోటారు బేరింగు ఉంటది, పెర్కిన్స్ ఇంజను ఉంటది. పెర్కిన్స్ పెట్టించుకున్న షెవ్రొలే ఈ కానూన్ కింద వింటేజ్ కాదు. నా నజర్‌లో మాత్రం ఈ ముల్క్ మోటారు తారీఖుకు దానికంటే పెద్ద గవాహీ లేదు. 1953 ఫైసలా, దొరకని పుర్జా, మద్రాసు ఇంజను, ఊరి మిస్త్రీ హునర్, అన్నీ ఆ ఒక్క బానెట్ కింద ఉన్నాయి.

ఇప్పుడు ఆ హునర్‌కు వారిస్ లేడు. మా ఉస్తాద్ దగ్గర ఆఖరి షాగిర్ద్ టిప్పర్ల షోరూముకు పోయిండు. అక్కడ కంప్యూటర్ పెట్టి లోపం చూస్తారు, పుర్జా మొత్తం తీసి కొత్తది బిగిస్తారు. నెలకు జీతం వస్తది, చేతులకు అంత నల్ల మసి అంటదు. అతన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. పాత దుకాణాల్లో మిగిలిన అంబాసిడర్, ఫియట్ సామాను కిలో లెక్కన కబాడీకి పోతోంది. పిస్టన్ పోతే ఖరాద్ మీద ఏదో ఒకటి చేయించుకోవచ్చు. ఏ బండికి ఏ పుర్జా సరిపోతుందన్న తజుర్బా పోతే మళ్లీ రాదు. అది ఇప్పుడు డెబ్భై ఏళ్లు దాటిన నలుగురైదుగురి యాద్‌లో ఉంది.

నేను చేస్తున్న పని చిన్నది. ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఎడమ పక్క పుర్జా పేరు, అంటే ఉస్తాద్ నోటి పేరు. కుడి పక్క కొలత, దానికి సరిపోయేది ఇంకే బండిలో ఉందో, ఏ బజారులో దొరికిందో. ఇప్పటికి నలభై ఒక్క పుర్జాలు ఎక్కాయి. రాణిగంజ్ చాచాను ఒప్పించి రిజిస్టర్లలో ఒకదానికి ఫొటోలు తీశాను, వాటిని తెలుగులోకి మార్చే పని నడుస్తోంది. మీ ఊళ్లో కూడా అట్లాంటి షెడ్డు, అట్లాంటి దుకాణం ఉండే ఉంటాయి. ఈ జుమ్మాకో ఆదివారానికో వెళ్లి కూర్చోండి. చాయ్ చెప్పండి. బండి పేరు అడగకండి, సైజు అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.